హార్డ్ డిస్క్ పోయిందా? రికవరీకి ఎవరి చేతికి ఇవ్వాలో ఇలా తేల్చుకోండి

డిస్క్ లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందా? ముందు కేబుల్ పీకేసి, ఆ తర్వాత ఇది చదవండి.

"ఇంకొక్కసారి పెట్టి చూద్దాం" అనే ఆశ ఉంటుంది చూశారా, చాలా డిస్కులని చంపేది అదే. మన ల్యాప్‌టాప్‌లో రాలేదని పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్‌లో, అక్కడా రాలేదని ఆఫీసు సిస్టమ్‌లో, కేబుల్ మార్చి ఒకసారి, వెనకవైపు యూఎస్‌బీలో ఒకసారి, ఇలా ఊరంతా తిప్పి చివరికి రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తెచ్చేసరికి, మొదటి రోజు వచ్చి ఉండేది కూడా రాని పరిస్థితికి చేరుతుంది.

ఎందుకంటే లోపల అద్దంలా నున్నగా ఉండే గుండ్రటి పళ్ళేలు ఉంటాయి, ప్లాటర్లు అంటారు. ల్యాప్‌టాప్ సైజు డిస్కుల్లో ఎక్కువగా ఇవి నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి, డెస్క్‌టాప్ వాటిలో 7,200 సార్లు. వాటి మీద హెడ్ అనే చిన్న ముక్క ఆనకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ డేటా చదువుతుంది. మన వెంట్రుక మందమే పదుల వేల నానోమీటర్లు ఉంటుంది, దాన్ని బట్టి ఊహించుకోండి. డిస్క్ కిందపడి ఆ హెడ్ వంగిందనుకోండి, మీరు ఆన్ చేసిన ప్రతిసారీ అది ప్లాటర్ మీద పూతని గీకుతుంది. గీకగా రాలే ఆ పొడి ఇంకేదో కాదు, మీ పాప ఫోటోలే. పూత పోయిన చోట డేటాని ఏ దేశంలో ఏ ల్యాబూ తేలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ఉన్న కొలంబియా నౌక కూలిపోయింది కదా, అందులో ఒక ప్రయోగం డేటా ఉన్న హార్డ్ డిస్క్ ఆకాశం నుంచి టెక్సాస్‌లో పడింది. ఎండిపోయిన చెరువు గర్భంలో కొన్ని నెలల తర్వాత దొరికింది. పైనున్న సర్క్యూట్ బోర్డు, ప్లాస్టిక్ అంతా కాలి కరిగిపోయాయి. అయినా లోపలి ప్లాటర్లు వంగలేదు. వాటిని శుభ్రం చేసి వేరే డ్రైవ్‌లో పెట్టి క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థ 99 శాతం దాకా డేటా తీసింది. ఈ సంగతి 2008లో బయటికొచ్చింది. అంతరిక్షం నుంచి పడ్డ డిస్క్‌లో డేటా వస్తుంది, మంచం మీంచి పడ్డాక గంటసేపు ఆన్ చేసి ఉంచిన డిస్క్‌లో రాకపోవచ్చు. తేడా ప్లాటర్ దగ్గరే ఉంది.

అందుకే రికవరీలో మొదట విప్పిన చెయ్యి ఎవరిదన్నది అన్నిటికంటే ముఖ్యం. "ముందు మన వీధి షాపులో చూపిద్దాం, వాడి వల్ల కాకపోతే అప్పుడు పెద్ద ల్యాబ్‌కి ఇద్దాం" అనే లెక్క మిక్సీ రిపేరుకి పనికొస్తుంది గానీ దీనికి పనికిరాదు. నేను సిస్టమ్ సర్వీసు పనిలో ఉన్నవాణ్ణి, రికవరీ ల్యాబ్ నాది కాదు, కాబట్టి ఎవరి తరఫునా మార్కెటింగ్ చెయ్యట్లేదు. జనం డిస్క్ పట్టుకుని వచ్చినప్పుడు నేను చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ డిస్క్‌కి ఏమైందో ఓ అంచనా

షాపు వాళ్ళతో మాట్లాడటానికి ఈ మాత్రం తెలిస్తే చాలు. డిస్క్ మామూలుగా తిరుగుతోంది, చప్పుడు తేడా లేదు, పొరపాటున డిలీట్ అయింది లేదా ఫార్మాట్ అయింది అంటే అది సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని. ఓపెన్ అవుతోంది కానీ ఒక ఫోల్డర్ దగ్గర గంటలు గంటలు ఆగిపోతోంది అంటే బ్యాడ్ సెక్టర్లు (డిస్క్ మీద చెడిపోయి చదవడానికి రాని చోట్లు), లేదా హెడ్ బలహీనపడింది. టిక్కు టిక్కు అంటే ఎక్కువగా హెడ్. బీప్ బీప్ అని సన్నగా మోగుతూ తిరగకపోతే హెడ్ ప్లాటర్‌కి అతుక్కుందనో మోటారు పట్టేసిందనో అనుకోవాలి. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే బోర్డు కావచ్చు.

మొదటి రకానికి తప్ప మిగతా దేనికీ ఇంట్లో ప్రయత్నం వద్దు. విండోస్ "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి" అని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టండి. చెక్‌డిస్క్ నడపొద్దు, అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే పేరుతో డిస్క్ మీద రాసేస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే వస్తుందని ఎవరో చెబుతారు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, అంతే సంగతులు. యూట్యూబ్‌లో మూత తీసి హెడ్‌ని వేలితో జరిపే వీడియోలు చూసి మాత్రం అస్సలు దిగొద్దు. అలాగే పాత రోజుల్లో అదే మోడల్ బోర్డు తెచ్చి మార్చేస్తే పనయ్యేది. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి ఆ డిస్క్‌కి మాత్రమే చెందిన సెట్టింగులు బోర్డు మీద చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌ని కొత్త బోర్డు మీదికి మార్చకపోతే లాభం లేదు. ఈ చిప్ సంగతి ఎత్తకుండా "బోర్డు మార్చేస్తే సరిపోద్ది సార్" అన్నాడంటే వాడికి పని తెలియదని అర్థం.

ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే రకం అయితే ఒక చేదు నిజం. అందులో ట్రిమ్ అనే పద్ధతి ఉంటుంది, డిలీట్ అయిన డేటాని అదే లోలోపల తుడిచేస్తుంది. చాలా సందర్భాల్లో కాసేపటికే అది ఎవరికీ రాదు. "ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయినవి గ్యారంటీగా తెస్తాం" అనేవాళ్ళకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంకో మాట, ఇరవై ముప్పై వేలు పెట్టే ముందు డేటా ఇంకెక్కడైనా ఉందేమో చుట్టూ వెతకండి. టాలీ డేటా ఆడిటర్ గారి దగ్గర పాత బ్యాకప్‌గా ఉండొచ్చు. పెళ్ళి ఫోటోలైతే ఆల్బమ్ డిజైన్ చేసినవాళ్ళ దగ్గర సెలెక్ట్ చేసినవైనా దొరకొచ్చు. ఫోన్లో గూగుల్ ఫోటోస్, పిన్ని వాళ్ళ వాట్సాప్, ఇలా ఏరుకుంటే సగం సమస్య తీరిపోయినవాళ్ళు ఉన్నారు.

బజార్లో ఉండేవాళ్ళు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళినా, అమీర్‌పేట వెళ్ళినా, మీ ఊళ్ళో బస్టాండ్ దగ్గర కంప్యూటర్ షాపుకి వెళ్ళినా "డేటా రికవరీ" బోర్డు కనిపిస్తుంది. బోర్డు ఒకటే గానీ దాని వెనక మూడు రకాల వాళ్ళుంటారు.

మొదటివాళ్ళు మామూలు సర్వీసు షాపులు. సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి స్కాన్ చేస్తారు. డిలీట్ కేసులకి వీళ్ళు చాలు, తక్కువలో అయిపోతుంది. చిక్కేమిటంటే హెడ్ పోయిన డిస్క్‌కి కూడా అదే సాఫ్ట్‌వేర్ పెట్టి రాత్రంతా స్కాన్‌లో వదిలేసేవాళ్ళు వీళ్ళలో ఉంటారు. పొద్దున్నకి ప్లాటర్ మీద గీతలు పడి ఉంటాయి.

రెండోవాళ్ళు తీసుకుని పంపేవాళ్ళు. డిస్క్ మీ దగ్గర తీసుకుని హైదరాబాద్‌కో బెంగళూరుకో ముంబైకో పంపుతారు, మధ్యలో వాళ్ళ మార్జిన్ ఉంటుంది. ఇందులో తప్పేం లేదు, చిన్న ఊళ్ళకి అదే దారి. కాకపోతే ఆ సంగతి మీకు చెప్పాలి, ఎవరికి పంపుతున్నారో చెప్పాలి, మధ్యలో వాళ్ళు విప్పకూడదు. "మా ల్యాబే సార్" అంటూ ల్యాబ్ అడ్రస్ మాత్రం చెప్పనివాడితోనే సమస్య.

మూడోవాళ్ళు నిజంగా ల్యాబ్ ఉన్నవాళ్ళు. లెక్కలో తక్కువే. వీళ్ళని పట్టుకోవడానికే ఈ తంటా అంతా.

ఒక్క ఫోన్ కాల్‌తో సగం తెలిసిపోతుంది

డిస్క్ తీసుకెళ్ళకముందే ఫోన్ చేయండి. "డిస్క్ పడిపోయింది, ఎంతవుతుంది?" అని మాత్రమే అని, వాళ్ళేం అడుగుతారో వినండి.

పని తెలిసినవాడు ధర చెప్పడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు. "పడినప్పుడు ఆన్‌లో ఉందా సార్?" "పడ్డాక ఎన్నిసార్లు పెట్టి చూశారు?" "ఎవరైనా విప్పారా, స్కాన్ పెట్టారా?" "లోపల మీకు ముఖ్యంగా కావాల్సింది ఏ ఫోల్డర్?" ఈ చివరి ప్రశ్న అడిగాడంటే మంచి గురుతు. బలహీనమైన హెడ్ ఎంతసేపు బతుకుతుందో తెలియదు కాబట్టి ముఖ్యమైన ఫోల్డర్‌ని ముందు లాగాలని చూస్తున్నాడన్నమాట. ఆ వెంటనే "ఇంక ఆన్ చెయ్యొద్దు సార్, అలాగే తీసుకురండి" అంటాడు.

రెండో రకం మనిషి ఇలా మాట్లాడతాడు. "హండ్రెడ్ పర్సెంట్ వస్తది సార్, టెన్షన్ తీసుకోకండి, తీసుకొచ్చెయ్యండి, సాయంత్రానికల్లా ఇచ్చేస్తాం." డిస్క్ చూడకుండా నూరు శాతం అనేవాడికి డిస్క్ గురించి తెలియదు, మీ టెన్షన్ గురించి తెలుసు. ఇంకో రకం కూడా ఉన్నారు, "ముందు ఎనీడెస్క్ ఇన్‌స్టాల్ చేయండి, ఆన్‌లైన్‌లో చూస్తాం" అంటారు, అది మీ సిస్టమ్‌ని దూరం నుంచి నడిపే యాప్. హెడ్ పోయిన డిస్క్‌ని ఇంటర్నెట్‌లో ఎవరూ బాగుచెయ్యలేరు, ఆ ఫోన్ పెట్టేయండి.

మీరు అడగాల్సినవి కూడా ఉన్నాయి. మొదటిది, మూత తీయాల్సి వస్తే ఎక్కడ తీస్తారు? క్లీన్‌రూమ్, అంటే దుమ్ము దాదాపు లేని గది అనే మాట వెబ్‌సైట్లలో తెగ వాడతారు, తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళ ఫోటో పెడతారు, ఆ ఫోటో సగం కంపెనీల వెబ్‌సైట్లలో ఒకటే. అసలు లెక్క ఏంటంటే, క్లాస్ 100 క్లీన్‌రూమ్ అంటే ఘనపు అడుగు గాలిలో అర మైక్రాన్, అంతకంటే పెద్ద దుమ్ము కణాలు వందకి మించకూడదు. ఇప్పటి లెక్కలో దాన్నే ఐఎస్‌ఓ 5 అంటారు. దీనికి గదంతా అక్కర్లేదు, శుభ్రం చేసిన గాలిని ఒకే దిక్కుగా తోలే లామినార్ ఫ్లో బెంచ్ ఉంటే చాలామటుకు హెడ్ మార్పులు దాని మీద చేసేస్తారు. "బెంచ్ ఉంది సార్, అద్దంలోంచి చూడొచ్చు" అని సూటిగా చెప్పే చిన్న ల్యాబ్ నాకు నచ్చుతుంది. క్లీన్‌రూమ్ చూపించమంటే ఏసీ గది చూపించేవాళ్ళని ఏం చెయ్యాలో మీకే వదిలేస్తున్నా.

రెండోది, ముందు డిస్క్‌ని క్లోన్ చేసి ఆ కాపీ మీద పనిచేస్తారా? దీనికి "అవును, ఒరిజినల్ మీద ఏమీ రాయం" అన్న జవాబే రావాలి. పని జరిగే పద్ధతే అది. పోయిన హెడ్ మార్చడం, లేదా ఫర్మ్‌వేర్ (డిస్క్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) సరిచెయ్యడం, ఆ తర్వాత సెక్టర్ సెక్టర్‌గా మంచి డిస్క్ మీదికి కాపీ లాగడం, ఫైళ్ళు తీయడం ఆ కాపీలోంచి. ఏ మిషన్ వాడతారో కూడా అడగండి. ఏస్ ల్యాబ్ వాళ్ళ పీసీ-3000, డీప్‌స్పార్ లాంటి పేర్లు వినిపిస్తాయి. మిషన్ ఉన్నంత మాత్రాన పని వచ్చినట్టు కాదు, కానీ లక్షలు పెట్టి కొన్నవాడు ఈ పనినే నమ్ముకుని ఉన్నాడని మాత్రం తెలుస్తుంది.

మూడోది డోనర్ సంగతి. హెడ్ మార్చాలంటే అచ్చం అలాంటిదే ఇంకో డిస్క్ కొని దాని హెడ్ తీసి వాడతారు. మోడల్ నంబరు ఒకటైతే చాలదు, తయారైన తేదీ, ఫర్మ్‌వేర్, ఏ ఫ్యాక్టరీ అన్నవి కూడా దగ్గరగా కలవాలి. అందుకే కొన్నిసార్లు పది రోజులు, ఇరవై రోజులు పడుతుంది. హెడ్ పోయిన డిస్క్‌కి "రెండు గంటల్లో" అనే మాట ఎందుకు నమ్మకూడదో ఇప్పుడు తెలిసిందిగా. డోనర్ ఖర్చు ఎవరిది, డేటా రాకపోయినా కట్టాలా అన్నది ముందే అడగండి.

ధర దగ్గర జరిగే తిరకాసు

డేటా ఎన్ని జీబీలన్నదాని మీద ధర చెప్పేవాళ్ళుంటారు. డిలీట్ కేసుల్లో సరేలే అనుకోవచ్చు. హెడ్ పోయిన డిస్క్‌లో పది ఫోటోలు కావాలన్నా 900 జీబీ కావాలన్నా హెడ్ మార్చాల్సిందే, పని దాదాపు అంతే. ధర దెబ్బని బట్టి ఉండాలి. మామూలుగా సాఫ్ట్‌వేర్ పని కొద్ది వేలల్లో అయిపోతుంది, మూత తీసే పని పదిహేను ఇరవై వేలు దాటడం మామూలే, పెద్ద డిస్క్ అయినా హీలియం నింపిన డిస్క్ అయినా ఇంకా పెరుగుతుంది. రెండు వేలకి హెడ్ మారుస్తానన్నాడంటే డోనర్ డిస్క్ ధర కూడా రాదు కదా, మరి ఏం మారుస్తాడు?

"నో డేటా, నో ఛార్జ్" అన్నది మంచి పద్ధతే, కానీ డేటా అంటే ఏంటో రాయించుకోండి. మీకు కావాల్సింది "పెళ్ళి 2019" ఫోల్డర్, వాళ్ళు తెచ్చింది విండోస్ ఫైళ్ళు, పాత సినిమాలు. "డేటా వచ్చింది కదా సార్" అంటారు. కాబట్టి జాబ్ షీట్ (డిస్క్ తీసుకున్నట్టు షాపు వాళ్ళు రాసిచ్చే కాగితం) మీద ఫోల్డర్ల పేర్లు రాయించండి, అవి రాకపోతే ఛార్జ్ లేదని రాయించండి. అలాగే గరిష్ఠంగా ఎంతన్నది కూడా. బాగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ఇచ్చేటప్పుడు ఎనిమిది వేలు అంటారు, వారం తర్వాత ఫోన్ చేసి "డేటా అంతా కనిపిస్తోంది సార్, కానీ కండిషన్ బాగా లేదు, ముప్పై ఐదు అవుతుంది" అంటారు. అప్పటికే మూత తీసేసి ఉంటారు. వద్దంటే విప్పిన డిస్క్ చేతికొస్తుంది, ఇంకో ల్యాబ్ దాన్ని ముట్టుకోవడానికి ఆలోచిస్తుంది. "నన్ను అడగకుండా, ధర ఒప్పుకోకుండా మూత తీయొద్దు" అనే ఒక్క వాక్యం జాబ్ షీట్ మీద పడితే ఈ ఆట చాలామటుకు ఆగుతుంది.

ఫైల్ లిస్టు చూసి మోసపోవద్దు, ఇది కాస్త వివరంగా చెప్పాలి. పనయ్యాక మీకు ఒక లిస్టు పంపుతారు, ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ళ పేర్లు, సైజులు అన్నీ కరెక్టుగా ఉంటాయి, చూడగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, డబ్బు పంపించేస్తారు. ఇంటికొచ్చి తెరిస్తే ఫోటో పైన పావు భాగం కనిపించి కింద అంతా బూడిద రంగు. లేదా అసలు తెరుచుకోదు, సైజు మాత్రం 6 ఎంబీ ఉంటుంది. ఎలాగంటే, పేర్లు ఉండే చోటు వేరు, అసలు ఫైలు ఉండే చోటు వేరు. పేర్ల పట్టిక చదవగలిగారు, అసలు సెక్టర్లు చదవలేకపోయారు, ఆ ఖాళీల్లో సున్నాలు నింపారు. సైజు సరిపోతుంది, లోపల ఏమీ ఉండదు. అందుకే డబ్బు కట్టే ముందు వాళ్ళ స్క్రీన్ మీదే, మీరు చెప్పిన ఫైళ్ళు తెరిచి చూపించమనండి. వాళ్ళు ఎంచినవి కాదు. ఒక పెద్ద వీడియో తెరిపించి మధ్యలోకి, చివరికి జరిపించి చూడండి. ఫోటోలు చిన్న బొమ్మలుగా కాకుండా పూర్తి సైజులో చూడండి. టాలీ అయితే టాలీలో లోడ్ చేసి చూపించాలి. ఊళ్ళో లేకపోతే వీడియో కాల్‌లో చూపించమనండి, నిజాయితీగా చేసినవాడు దీనికి విసుక్కోడు.

ఇచ్చేముందు, తీసుకునేటప్పుడు

డిస్క్ ఇచ్చే ముందు ఫోన్‌తో నాలుగువైపులా ఫోటోలు తీసుకోండి. లేబుల్, సీరియల్ నంబరు, మూత మీద సీల్ స్టిక్కర్లు, స్క్రూలు. ఒక ఫోటో స్టూడియో ఆయన ఒకసారి నా దగ్గరికి డిస్క్ తెచ్చాడు, "ముందు ఒక షాపులో ఇచ్చా, చూసి కాదన్నారు, విప్పలేదట" అన్నాడు. లేబుల్‌ని కాస్త వెలుతురుకి వాల్చి చూస్తే నడిమధ్యన చిన్న గుంట. లేబుల్ కింద దాక్కుని ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని తీయడానికి పొడిచిన గుంట అది. అంచున ఇంకో స్క్రూ తల మీద నక్షత్రం గాడి అరిగిపోయి వెండిలా మెరుస్తోంది, ఇంకోటి లేనే లేదు, దాని చోట ఫెవిక్విక్ చుక్క. ముందు తీసిన ఫోటోలు లేవు, కాబట్టి ఎవరినీ నిలదీయడానికి లేకపోయింది.

జాబ్ షీట్ మీద సీరియల్ నంబరు ఉండాలి, ఊరికే "1 టీబీ హార్డ్ డిస్క్" అని రాస్తే ఒప్పుకోవద్దు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది చదవండి. "డేటాకి మా బాధ్యత లేదు" అని దాదాపు అందరూ రాస్తారు, అది అర్థం చేసుకోవచ్చు, చచ్చిన డిస్క్‌కి ఎవరు పూచీ ఇస్తారు. "30 రోజుల్లో తీసుకోకపోతే డిస్క్ మాది" లాంటివి ఉంటే మాత్రం జాగ్రత్త. వారంటీలో ఉన్న డిస్క్ అయితే మూత తీయకముందే కంపెనీ వాళ్ళని అడగండి. కొన్ని మోడళ్ళకి కొన్నేళ్ళ పాటు రికవరీ సర్వీసు డిస్క్‌తో పాటే వస్తుంది, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ లాంటివాటికి రెస్క్యూ అనే పేరుతో. అది ఉందని తెలియక బయట డబ్బు కట్టేవాళ్ళు చాలామంది.

డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చాలావాటికి యూఎస్‌బీ పోర్టు నేరుగా డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, డేటా కూడా ఆ బోర్డే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి రాస్తుంది. మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. కాబట్టి పోర్టు ఊడిపోయినా, బోర్డు కాలిపోయినా ఆ బోర్డుని పారేయొద్దు, పైకవరుతో సహా అన్నీ ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన డిస్క్ అయితే విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళానికి బిట్‌లాకర్ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఇప్పుడే చూసుకోండి, మీకు తెలియకుండానే విండోస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి ఉండొచ్చు. కీ లేకపోతే హెడ్ మార్చి మొత్తం క్లోన్ లాగినా వచ్చేది చెత్తే. ఆ కీని క్లోన్ అయ్యాక, అవసరమైనప్పుడు ఇస్తే చాలు, మొదటి రోజే జాబ్ షీట్ మీద రాయక్కర్లేదు.

నమ్మకం అంటే డేటా రావడం ఒక్కటే కాదు కదా, వచ్చిన డేటా వాళ్ళ కళ్ళ ముందే ఉంటుంది. ఆధార్, పాన్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు, ఇంట్లో ఆడవాళ్ళ ఫోటోలు. హాంకాంగ్ నటుడు ఎడిసన్ చెన్ ల్యాప్‌టాప్ రిపేరుకి ఇస్తే అందులోని సొంత ఫోటోలు 2008లో బయటికొచ్చి ఎంత గొడవైందో అప్పట్లో పేపర్లు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మీ క్లోన్ ఏ సిస్టమ్‌లో ఉంటుంది, ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకి తుడిచేస్తారు అని అడిగి రాతలో తీసుకోండి. పెద్ద ల్యాబులు గోప్యత ఒప్పందం అడక్కుండానే ఇస్తాయి, చిన్నవాళ్ళు కనీసం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా మేలే.

వాళ్ళు నిజంగా ఉన్నవాళ్ళేనా

వెబ్‌సైట్‌లో "20 ఏళ్ల అనుభవం, 15 నగరాల్లో బ్రాంచీలు" అని ఉంటుంది, అన్ని నగరాలకీ ఒకే మొబైల్ నంబరు. జీఎస్టీ నంబరు అడగండి. 15 అక్షరాలుంటాయి, తెలంగాణ అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు కొట్టి చూడొచ్చు, అసలు పేరు, అడ్రస్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా లేదా అన్నీ వస్తాయి. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది కాబట్టి అంతకుముందు నుంచి పన్ను కడుతున్న పాతవాళ్ళకి సాధారణంగా ఆ తేదీయే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల అనుభవం అన్నవాడిది పోయినేడాది తేదీ ఉంటే ఒక ప్రశ్న వేయొచ్చు. చిన్న షాపుకి జీఎస్టీ లేకపోవడం నేరం కాదు, సర్వీసులకి ఏడాదికి ఇరవై లక్షల లోపు వ్యాపారం ఉంటే మామూలుగా అక్కర్లేదు. కానీ "బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గుతుంది" అంటే ఒప్పుకోవద్దు. రేపు గొడవ వస్తే చేతిలో ఉండేది ఆ బిల్లే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసినా, జిల్లా కమిషన్‌కి వెళ్ళినా బిల్లు, జాబ్ షీట్ అడుగుతారు.

గూగుల్ రివ్యూలలో ఐదు స్టార్లు వదిలేసి ఒక స్టార్ ఇచ్చినవాటితో మొదలుపెట్టండి. "డేటా రాలేదు" అని తిట్టినవాళ్ళు ఏ ల్యాబ్‌కైనా ఉంటారు, దాన్ని పట్టించుకోకండి. "డిస్క్ తిరిగివ్వట్లేదు", "ధర పెంచారు", "అడక్కుండా విప్పారు" అనేవి మళ్ళీ మళ్ళీ కనిపిస్తే ఇంకో చోటు చూసుకోండి. నన్నడిగితే రివ్యూల కంటే ఫోటో స్టూడియో వాళ్ళ మాట నయం. వాళ్ళ డిస్కులు పోతూనే ఉంటాయి, ఎవరు పని చేస్తారో ఎవరు చెయ్యరో డబ్బు పోగొట్టుకుని మరీ తెలుసుకుని ఉంటారు.

రాన్సమ్‌వేర్‌తో, అంటే డబ్బు కోసం హ్యాకర్లు ఫైళ్ళకి తాళం వేసే వైరస్‌తో ఫైళ్ళు లాక్ అయిన కేసు పూర్తిగా వేరు. 2019లో ప్రోపబ్లికా అనే అమెరికా వార్తా సంస్థ బయటపెట్టింది, సొంత టెక్నాలజీతో అన్‌లాక్ చేస్తామని చెప్పుకున్న కొన్ని రికవరీ కంపెనీలు గుట్టుగా హ్యాకర్లకే డబ్బు కట్టి, పైన తమ ఫీజు వేసుకుని కస్టమర్ దగ్గర వసూలు చేశాయని. ముందు యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ వాళ్ళు భాగస్వాములుగా ఉన్న నో మోర్ రాన్సమ్ సైట్‌లో మీ రకానికి ఉచిత టూల్ ఉందేమో చూడండి, లేకపోతే ఏ షాపు ఎంత గట్టిగా చెప్పినా అనుమానించండి.

దూరం నుంచి పంపేవాళ్ళు డిస్క్‌ని యాంటీస్టాటిక్ కవరులో పెట్టి, చుట్టూ మందంగా బబుల్ ర్యాప్ చుట్టి, అట్టపెట్టెలో కదలకుండా పెట్టండి. ఊపితే చప్పుడు రాకూడదు. బస్సు పార్సిల్లో వేయడం కంటే హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్తున్న మనిషి చేతికిస్తే మేలు. అమెరికాలో చెప్పిన ధర విని ఇండియాలో చేయిద్దామనుకునే మనవాళ్ళు కూడా ఉన్నారు. చేయించొచ్చు, పని ఇక్కడా బాగానే చేస్తారు, కానీ చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి, చేతి బ్యాగులో తీసుకురండి.

డేటా తీసుకునేటప్పుడు మీ సొంత కొత్త డిస్క్ తీసుకెళ్ళండి, కొత్తది వాళ్ళే ఇస్తామంటే బిల్లు అడగండి. కొన్నిచోట్ల వాళ్ళ దగ్గర మిగిలిన పాత డిస్కులు అంటగడతారు. ఇంటికి రాగానే ఇంకో కాపీ వేసుకుని, తీరిగ్గా వారం పాటు ఫోల్డర్లన్నీ తెరిచి చూసుకున్నాకే వాళ్ళ దగ్గరున్న క్లోన్ తుడిచేయమని చెప్పండి, మరీ ముందే చెప్పేస్తే ఏదైనా ఫోల్డర్ మిస్సయినప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. పాత డిస్క్ తప్పకుండా వెనక్కి అడిగి తీసుకోండి, సీరియల్ నంబరు ఫోటోతో సరిపోల్చుకోండి. "దాంతో ఏం చేస్తారు సార్, మేం పడేస్తాం" అంటే ఒప్పుకోకండి, అందులో ఇంకా మీ డేటా ఉంది. దాని హెడ్లు బాగుంటే అది రేపు ఇంకొకరికి డోనర్ కూడా అవుతుంది.